సూది మార్చాం కదా, సిరంజి ఒక్కటే అయితే ఏమవుతుంది?

ప్రశ్న: మేడమ్, నాకు 27 ఏళ్ళు. మాది ప్రేమ పెళ్ళి, నాలుగేళ్ళయింది. హైదరాబాద్‌లో అద్దె పోర్షన్‌లో ఉంటున్నాం. రెండేళ్ళ క్రితం బైక్ యాక్సిడెంట్ అయినప్పుడు మా ఆయనకు నొప్పి తగ్గడానికి పెంటజోసిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. గాయం మానింది, ఇంజెక్షన్లు మాత్రం మానలేదు. ఇద్దరు స్నేహితులతో కలిసి తీసుకుంటున్నారని ఏడాది క్రితం తెలిసింది. గొడవపడ్డాను, ఏడ్చాను. తర్వాత ఒక రాత్రి ‘నువ్వూ ఒకసారి తీసుకుని చూడు, నా బాధ నీకే అర్థమవుతుంది’ అంటే కాదనలేకపోయాను. మొత్తం మూడుసార్లు ఆయన చేత్తోనే వేయించుకున్నాను. చివరిసారి ఇరవై రోజుల కిందట. ముందు ఆయన తీసుకుని, సిరంజిలో మిగిలింది నాకు ఇచ్చారు. సూది మాత్రం కొత్తది మార్చారు. ఆ స్నేహితుల్లో ఒకరికి హెచ్ఐవీ ఉందని ఈమధ్యే తెలిసింది. మా ఆయన వెంటనే ప్రైవేటు ల్యాబ్‌లో టెస్ట్ చేయించుకుంటే నెగెటివ్ వచ్చింది. అప్పటికి వాళ్ళతో కలిసి తీసుకుని పది రోజులే అయింది. ‘చూశావా, ఏమీ లేదు’ అంటున్నారు. కండోమ్ మాట ఎత్తితే ‘నన్ను అనుమానిస్తున్నావా’ అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. మా అత్తగారేమో పిల్లల కోసం ఫోన్‌లో పోరు పెడుతున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. నేనేం చేయాలి? ఆవిడకేం చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘సూది మాత్రం కొత్తది మార్చారు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆయన మీకు హాని చేయాలనుకోలేదు. జాగ్రత్తే తీసుకున్నాననుకున్నారు. మీరూ అలాగే నమ్మారు. కాబట్టి ముందు ఆ సంగతే చూద్దాం.

నరం దొరికిందో లేదో తెలుసుకోవడానికి సిరంజి వెనక పుల్లని కొంచెం వెనక్కి లాగుతారు. మీరు చూసే ఉంటారు, సన్నటి ఎర్ర దారంలా రక్తం గొట్టంలోకి వస్తుంది. అది వచ్చాకే మందు లోపలికి తోస్తారు. ఆ రక్తం ఎక్కడికీ పోదు, గొట్టంలో ఉన్న మందులోనే కలిసిపోతుంది. ఆయన సగం తీసుకుని, సూది ఊడదీసి, కొత్తది తగిలించారు. మారింది కొస ఒక్కటే. గొట్టంలో మిగిలిన మందుతో పాటు ఆయన రక్తం కూడా కొంత మీ ఒంట్లోకి వెళ్ళింది. సిరంజి కడిగిన నీళ్ళు, మందు కలిపిన మూతో చెంచానో, వడకట్టిన దూది, వీటిలో ఏది ఇద్దరు వాడినా ఇదే జరుగుతుంది. హెచ్ఐవీ ఒక్కటే కాదు, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-సి అయితే ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. వాడి పక్కన పడేసిన సిరంజిలో అది వారాల తరబడి బతికి ఉండగలదు.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మూడుసార్లు తీసుకున్నంత మాత్రాన మీకు సోకిందని కాదు. అసలు మీ ఆయనకు సోకిందో లేదో కూడా మనకింకా తెలియదు. హెచ్ఐవీ ఉన్న మనిషి వాడిన సిరంజితో ఇంజెక్షన్ తీసుకుంటే, పది వేల సార్లకు సుమారు 63 సార్లు సోకవచ్చని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా. కండోమ్ లేని కలయికలో స్త్రీకి ఆ లెక్క పది వేలకు 8. చూడ్డానికి చిన్న అంకెలే. కానీ వైరస్ కొత్తగా సోకిన మొదటి వారాల్లో అది రక్తంలో విపరీతంగా ఉంటుంది, ఆ రోజుల్లో ఈ లెక్కలు చాలా పెరిగిపోతాయి.

మీ ఆయన చేయించుకున్న టెస్ట్‌లో చిక్కు కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. వైరస్ ఒంట్లోకి వచ్చిన పది రోజులకు మామూలు టెస్ట్‌లో దొరకదు. టెస్ట్ వెతికేది ఎక్కువగా మన శరీరం తయారుచేసుకునే యాంటీబాడీల కోసం, అవి రావడానికి వారాలు పడుతుంది. దీన్నే విండో పీరియడ్ అంటారు. ఆ కాగితం మీద నెగెటివ్ అని ఉంటుంది, రక్తంలో వైరస్ ఎన్నడూ లేనంతగా ఉండవచ్చు. ఆయన అబద్ధమాడటం లేదు, కాగితంలో ఉన్నదే చెప్తున్నారు. కాకపోతే ఆ కాగితం పాత కాలానికి జవాబు చెప్తుంది, ఆఖరిసారి స్నేహితులతో కూర్చున్న రోజుకి కాదు. ఆ రోజు నుంచి మూడు నెలలు లెక్కపెట్టి మళ్ళీ చేయించుకుంటేనే నిశ్చింతగా ఉండొచ్చు. అదీ ఈ మధ్యలో మళ్ళీ ఎవరితోనూ సిరంజి పంచుకోకపోతేనే. పంచుకుంటే లెక్క మొదటి నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు మీ ఇద్దరి మధ్య ఉన్న అసలు ముడి దగ్గరికి వద్దాం. కౌన్సెలింగ్ గదిలో చాలా ఏళ్ళు కూర్చున్నదాన్ని, ఈ ముడిని మళ్ళీ మళ్ళీ చూశాను. ఒకావిడ తన సిరంజికి ఎర్ర దారం కట్టుకునేది. ఇంటికి స్నేహితులు వస్తే ఆ దారం ఉన్నదాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు, అంత నియమంగా ఉండేది. కానీ భర్త మాత్రం దాన్నే వాడేవాడు. ‘ఆయన వాడితే ఏంటి మేడమ్, మా ఆయనే కదా’ అంది నాతో, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూస్తూ. అతను మాత్రం బయట స్నేహితుల దగ్గర ఏది దొరికితే దానితో తీసుకునేవాడు. దారం ఊరందర్నీ ఆపింది, ఆపాల్సిన ఒక్క మనిషిని ఆపలేదు. చివరికి ఇద్దరికీ పాజిటివ్ వచ్చింది. ఆమె ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటూ ఆరోగ్యంగా ఉంది, కానీ ఆ దారం మాత్రం నా మనసులోంచి పోలేదు.

పరాయివాళ్ళతో జాగ్రత్త పడటం అందరికీ వచ్చు. మన మనిషి దగ్గర జాగ్రత్త పడితే మాత్రం అది అవమానంలా తోస్తుంది. ఒకే కంచంలో తిన్నవాళ్ళం, ఒకే సిరంజి అయితే ఏంటి అనిపిస్తుంది. కండోమ్ అడిగితే ‘నన్ను నమ్మవా’ అనేది కూడా అందులోంచి పుట్టిన మాటే. చాలామంది ఆడవాళ్ళకు మొదటి ఇంజెక్షన్ భర్తో, ప్రేమించినవాడో వేసిందే. ఎప్పుడూ అతను ముందు, ఆమె తర్వాత. మొదటిసారి మీకూ అలాగే జరిగింది. అతని బాధ అర్థం చేసుకోవాలని చేయి చాపారు. దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. కానీ నాలుగోసారి వద్దు. ఎంత బతిమాలినా వద్దు.

మన దగ్గర ఇదంతా ఈశాన్య రాష్ట్రాల సమస్య అనుకుంటారు. ఆంధ్రాలో, తెలంగాణలో హెచ్ఐవీ ఎక్కువగా లైంగిక సంబంధాల వల్లే వ్యాపించింది కాబట్టి మనకు గుర్తున్న ప్రచారమంతా లారీ డ్రైవర్ల గురించే. మణిపూర్‌లో ఏం జరిగిందో వినండి. అక్కడ 1989 చివరి నుంచి కొద్ది నెలల్లోనే ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళలో హెచ్ఐవీ దావానలంలా పాకింది. తర్వాత 1990ల్లో, హెచ్ఐవీ ఉన్న అలాంటి మగవాళ్ళ భార్యలను పరీక్షించారు. ఆ భార్యలెవరూ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళు కాదు. అయినా నూటికి 45 మందికి పాజిటివ్ వచ్చింది. సిరంజిలో మొదలైంది పడకగది దాకా వచ్చింది. దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో హెచ్ఐవీ సుమారు 0.2 శాతం ఉంటే, ఇంజెక్షన్ మత్తు తీసుకునేవాళ్ళలో 2021లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) సర్వేలో సుమారు 9 శాతం తేలింది. హైదరాబాద్‌లో ఉన్నంత మాత్రాన ఈ దారి మూసుకుపోదు.

కాబట్టి కండోమ్ మాట ఎలా ఎత్తాలి? ఇంజెక్షన్ తీసుకున్న మత్తులో ఉన్నప్పుడు వద్దు, అది దొరక్క చిరాగ్గా ఉన్నప్పుడు అసలే వద్దు. పొద్దున టీ తాగేటప్పుడో, ఆయన మనసు నిమ్మళంగా ఉన్నప్పుడో చెప్పండి. నేనైతే ఇలా చెప్పమంటాను: ‘మనిద్దరం ఒకే సిరంజి వాడాం. ఎవరికేముందో మనకింకా తెలియదు, ఒకరి నుంచి ఒకరికి ఏమీ రాకూడదని నా భయం. మూడు నెలలు కండోమ్‌తోనే ఉందాం. మూడో నెల ఇద్దరం కలిసి వెళ్దాం.’ గమనించారా, ఇందులో అనుమానం ఆయన ఒక్కరి మీదే లేదు. ఇద్దరి మీదా సమానంగా ఉంది, అందులో అబద్ధం కూడా లేదు. మగవాళ్ళకు భార్య నింద కన్నా భార్య భయం తొందరగా వినబడుతుంది, ఇది నేను చూసిన సంగతి. అప్పటికీ అలిగి అన్నం మానేస్తే మానేయనివ్వండి. ఆకలి ఒక పూటలో తీరుతుంది.

అరిచినా, చేయి చేసుకున్నా మాత్రం అది వేరే సంగతి. అప్పుడు ఇంకా నచ్చజెప్పే పని పెట్టుకోకండి, అమ్మగారింటికి వెళ్ళండి, లేదా 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

మీరు ముందు చేయాల్సింది మీ సొంత టెస్ట్. దానికి ఆయన అనుమతి అక్కర్లేదు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్ఐవీ టెస్ట్ కోసం ఐసీటీసీ అని ఒక గది ఉంటుంది, డబ్బులు తీసుకోరు. ‘మా ఆయన ఇంజెక్షన్లు తీసుకుంటారు, నేనూ మూడుసార్లు తీసుకున్నాను, టెస్ట్ చేయించుకోవాలి’ అని చెప్పండి చాలు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, మీరు ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు. ఫలితం మీకే చెప్తారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా టెస్ట్ చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. మీ ఆయనకు చెప్తే మీకు ప్రమాదం ఉంటుందని మీకు భయముంటే ఆ సంగతి కౌన్సెలర్‌కు ముందే చెప్పండి, చట్టంలో దానికీ చోటు ఉంది. వెళ్ళేముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కి ఫోన్ చేయండి, అది నాకో టోల్‌ఫ్రీ నంబరు.

ఇప్పుడొకటి చేయించుకోండి. మీ చివరి ఇంజెక్షన్ నుంచి మూడు నెలలకు మరొకటి. కాకపోతే ఆయనతో కండోమ్ లేని కలయిక ఆ తర్వాత కూడా జరిగి ఉంటే, లెక్క ఆ రోజు నుంచి పెట్టాలి. ఆ ఒక్క విషయం కౌన్సెలర్ దగ్గర సిగ్గుపడి దాచకండి. హెపటైటిస్-బి, సి టెస్టులు కూడా అడగండి. బి నెగెటివ్ అయితే టీకా వేయించుకోండి. సి ఉంటే కంగారు పడకండి, సాధారణంగా 12 వారాలు మాత్రలతో పూర్తిగా నయమవుతుంది, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఆ మందులు ఉచితం.

ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. ఎప్పుడైనా ఇలాంటి ప్రమాదం మళ్ళీ జరిగితే 72 గంటల లోపు ఆసుపత్రికి వెళ్తే 28 రోజుల మందుల కోర్సు ఉంటుంది, పెప్ అంటారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. ఇరవై రోజులు దాటిన దానికి అది పనిచేయదు, ఆ తలుపు దగ్గర నిలబడి బాధపడి లాభం లేదు.

ఒకవేళ మీ ఇద్దరిలో ఎవరికైనా పాజిటివ్ వస్తే? ఆ రాత్రి కష్టంగా గడుస్తుంది, అబద్ధం చెప్పను. కానీ ఆ తర్వాత హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో మాత్రలు మొదలవుతాయి, చాలామందికి రోజుకు ఒక్కటే, ఉచితం. కొన్ని నెలలు వదలకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ టెస్ట్‌కు కనబడనంత తగ్గిపోతుంది. అలా తగ్గి, అలాగే నిలిచిన మనిషి నుంచి లైంగికంగా అవతలివాళ్ళకు సోకదు. 2016లో, 2019లో యూరప్‌లో వెలువడిన పార్ట్‌నర్ అధ్యయనాల్లో, వేలసార్లు కండోమ్ లేకుండా కలిసిన జంటల్లో వైరస్ తగ్గిన మనిషి నుంచి ఒక్కరికి కూడా సోకలేదు. పిల్లల్నీ కనొచ్చు, తల్లి మందులు సరిగ్గా వాడితే బిడ్డకు సోకే అవకాశం చాలా తక్కువ. అయితే ఈ ధైర్యాన్ని సిరంజికి తగిలించకండి. ‘మందులు వాడుతున్నా కదా, సిరంజి పంచుకుంటే ఏంటి’ అనడానికి ఈ అధ్యయనాలు ఆధారం కావు. అదీ కాక ఏఆర్‌టీ మందులు హెపటైటిస్-సిని ఆపవు.

ఇక మీ ఆయన. ఆయన్ని ‘వదిలేయ్’ అని ఒట్టు వేయించుకోకండి. ఒట్లు ఎన్నో చూశాను, ఒళ్ళు నొప్పులు, చెమటలు, విరేచనాలు మొదలయ్యాక ఏ ఒట్టూ నిలబడదు. పాపం, అప్పుడు ఆయన దృష్టిలో తనే పడిపోతాడు. పెంటజోసిన్ నల్లమందు కుటుంబంలోని మందు. ఈ అలవాటుకు ప్రభుత్వాసుపత్రుల్లో ఓఎస్‌టీ అని ఒక చికిత్స ఉంది. బుప్రెనార్ఫిన్ అనే మాత్రను రోజూ నర్సు ఎదుట నాలుక కింద పెట్టుకుంటారు. ఒళ్ళు నొప్పులు రావు, సిరంజి అవసరం ఉండదు, పనికి పోవచ్చు. ఇలాంటి చికిత్సలో ఉన్నవాళ్ళలో హెచ్ఐవీ కొత్తగా సోకడం సగానికి పైగా తగ్గిందని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే తేలింది. ఆయనకు అది సరిపోతుందో లేదో డాక్టర్ చూసి చెప్తారు. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, ఆయనతో కలిసి ఫోన్ చేస్తే ఇంకా మంచిది. పెంటజోసిన్ వాడినచోట చర్మం రాయిలా గట్టిపడటం, పుండ్లు పడటం మామూలు, ఆయన చేతులు, తొడలు ఒకసారి చూడండి. ఉంటే ఆ నెపంతోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. అలవాటు గురించి మాట్లాడనివాడు పుండు గురించి మాట్లాడతాడు.

పోలీసులకు తెలుస్తుందేమోనని ఆయన భయపడొచ్చు. మత్తు మందుల చట్టంలోనే 64ఎ అనే సెక్షన్ ఉంది. తన వాడకానికి పట్టుబడినవాడు ప్రభుత్వం గుర్తించిన చోట స్వచ్ఛందంగా చికిత్సకు ఒప్పుకుంటే కేసు నుంచి రక్షణ ఇస్తుంది, చికిత్స పూర్తి చేయాలి అంతే.

చికిత్సకు ఒప్పుకునేదాకా ఆయన ఇంకా తీసుకుంటూనే ఉంటారు, అది నాకు తెలుసు, మీకూ తెలుసు. అందాకా ఒక్కటే పట్టుబట్టండి: ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి, తన నీళ్ళు, తన దూది, ఎవరితోనూ పంచుకోకుండా. నాకో కింద పనిచేసే స్వచ్ఛంద సంస్థలు కొత్త సిరంజిలు ఇస్తాయి, 1097 వాళ్ళనడిగితే దగ్గర్లో ఉన్నది చెప్తారు. ఆ స్నేహితుడికి హెచ్ఐవీ అని తెలిశాక మీ ఆయన అతన్ని ఇంటికి రానివ్వడం మానేసి ఉంటే, అది మాత్రం వద్దు. కలిసి టీ తాగితే ఏమీ కాదు. కలిసి అన్నం తిన్నా ఏమీ కాదు. పైగా అతను ఏఆర్‌టీ మొదలుపెట్టి ఉంటే మీ ఆయన్ని సెంటర్‌కు తీసుకెళ్ళగలిగినవాడు అతనే కావచ్చు. ఇంకొకటి, కొన్నాళ్ళు మానేసి మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. పెదాలు నీలంగా మారి, పిలిస్తే పలక్కపోతే 108కి ఫోన్ చేసి, ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పండి. పరువు గురించి ఆలోచించే సమయం కాదది.

ఇవన్నీ ఒకేసారి చేయాలని చూస్తే మీకు ఊపిరాడదు. ఈ వారం మీ టెస్ట్ ఒక్కటే. ఇంట్లో ఆ రోజు ఆయనకు చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే కూరగాయలకని వెళ్ళి రండి.

మీ అత్తగారికేం చెప్పాలని అడిగారు. కొడుకు అలవాటు గురించి ఫోన్‌లో చెప్పకండి, అది ఆయన నోటి నుంచి రావాల్సిన మాట. గర్భం మాత్రం ఈ టెస్టులు తేలేదాకా వద్దు. ‘కొన్ని టెస్టులు ఉన్నాయి అత్తయ్యా, మూడు నెలలు ఆగమన్నారు’ అనండి. ఎవరన్నారని అడిగితే నేనన్నానని చెప్పండి.